ఏడు గంటల బండి నాగభూషణం

అయ్యలారా, అమ్మలారా, మోటారు సోదరులారా,

ఈ బెల్లం మండీలో ఇంతమంది ఒక్కచోట కూర్చోగా నేనెప్పుడూ చూడలేదు. హిందూపురం వాళ్ళు ఉన్నారు. పెనుకొండ నుంచి వచ్చినవాళ్ళు ఉన్నారు. ధర్మవరం నుంచి మగ్గాలు ఆపుకొని వచ్చినవాళ్ళు ఉన్నారు. సంతాప సభ అన్నారు, నన్ను మాట్లాడమన్నారు. ఏం మాట్లాడేది? పోయిన బుధవారం సాయంత్రం ఇదే మండీ ముందర నిలబడి, పొగ కక్కుతున్న నా బండిని చూసి, "ఏమప్పా సుబ్బరాయుడూ, బస్సు నడుపుతాండావా, ఇస్త్రీ పెట్టె నడుపుతాండావా?" అని నవ్వి పోయాడే, ఆ మనిషికి ఈ రోజు నేను సంతాపం చెప్పాలా? అతనిదీ బొగ్గు బండే! యుద్ధం వచ్చి పెట్రోలు కరువైనప్పటి నుంచి ఈ రోడ్డులో అన్నీ బొగ్గు బండ్లే. అయినా నన్నే అనాలి. అనకపోతే అతనికి తిన్నది అరగదు.

దానికి నేను జవాబు చెప్పలేదప్పా. రేపు చెబుదాంలే అనుకొన్నాను.

నన్ను ఎరగనివాళ్ళకు చెబుతున్నాను. నా పేరు పరిగి సుబ్బరాయుడు. హిందూపురం నుంచి పెనుకొండ మీదుగా ధర్మవరం పోయే ఎనిమిది గంటల బస్సు నాది. ఏడు గంటల బస్సు నాగభూషణానిది. ముందు అతని బండి, గంట వెనక నా బండి. ఏళ్ళ తరబడి ఇదే వరస. పెనుకొండలో నా బండి ఆగేటప్పటికి అతని బండి ధర్మవరం దారిలో దుమ్ము రేపుకుంటూ పోతూ ఉండాలి. ఆ దుమ్ము చూసి టైము చెప్పుకొనే రైతులు ఉన్నారు ఈ రోడ్డు పొడుగునా.

గురువారం నాడు నేను కూడా ధర్మవరం పని మీద నా బండిలోనే ఎక్కాను. పెనుకొండ చేరాం. చూస్తే నాగభూషణం బండి అక్కడే నిలబడి ఉంది. నా టైములో! నాకు ఒళ్ళు మండింది. బండి ఆగక ముందే దూకాను. "ఏమబ్బా, ఈ పొద్దు కొత్త టైము మొదలైందా? నేను యాడ పెట్టుకోవల్ల నా బండి?" అని అరుచుకుంటూ పోయాను. ప్యాసింజర్లందరూ కిందికి దిగి నిలబడి ఉన్నారు. అతని డ్రైవరు ఏసురత్నం ఫుట్‌బోర్డు మీద తల పట్టుకొని కూర్చొని ఉన్నాడు.

నాగభూషణం హోటలు బల్ల మీద గోడకు ఆనుకొని కూర్చొని ఉన్నాడు. పక్కన కాఫీ గ్లాసు. కాఫీ మీద మీగడ కట్టింది. కునుకు తీస్తున్నాడని కండక్టరు ముందు విజిలు వేశాడంట. మళ్ళీ వేశాడంట. నేను పోయి భుజం మీద చెయ్యి వేసి, "లేప్పా, నా టైమయింది" అన్నాను. చెయ్యి వేసినాక తెలిసింది.

ఇదెక్కడి అన్యాయం? జ్వరం లేదు, దగ్గు లేదు, ఒక్కపూట పడుకొన్నవాడు కాదు. డాక్టరు వచ్చి గుండె ఆగింది అన్నాడు. ఎందుకు ఆగింది అంటే ఆగింది అన్నాడు. ఇంజను ఆగితే మా ఏసురత్నం ఎందుకు ఆగిందో చెప్తాడు కదా! ఇంత చదివినాయన ఆ మాత్రం చెప్పలేడా? కోపం వచ్చింది నాకు. ఇప్పటికీ వస్తోంది. ఎవరి మీదో తెలియడం లేదు.

అందరూ మమ్మల్ని ఏమనుకొన్నారంటే, వీళ్ళిద్దరూ పుట్టుకతోనే స్నేహితులు అనుకొన్నారు. రామరామ! పాతవాళ్ళను అడగండి. మేము ఒకరి ముఖం ఒకరు చూసేవాళ్ళం కాదు. ఇద్దరి బండ్లూ ఏడు గంటలకే బయలుదేరేవి. బస్టాండులో జనాన్ని ఇటు వీళ్ళు లాగితే అటు వాళ్ళు లాగేవాళ్ళు. ఒకసారి రొళ్ల నుంచి వచ్చిన అవ్వ మూట నా క్లీనరు లాక్కొచ్చి నా బండిలో వేశాడు, అవ్వను అతని క్లీనరు ఎత్తుకుపోయి ఆ బండిలో కూర్చోబెట్టాడు. ఆ మూటలో కోడిపెట్ట ఉంది. దారి పొడుగునా నా బండిలో కోడి అరుపు, అతని బండిలో అవ్వ తిట్లు. పెద్దమనుషులు పిలిచి కూర్చోబెట్టి, కాఫీ తాగించి, మంచి మాటలు చెప్పి పంపించారు. బయటికొచ్చి ఆ ఇంటి మెట్ల మీదే మళ్ళీ కొట్లాడుకొన్నాం. మోటారు పనిలో మా ఇద్దరికీ పొత్తు కుదరదని ఊరంతా చేతులు దులుపుకొంది.

మరి ఎట్లా కుదిరింది? అది చెప్పాలనే నిలబడ్డాను.

ప్లేగు వచ్చిన ఏడు మీకు గుర్తుండే ఉంటుంది. యుద్ధానికి ముందు మాట. ఇండ్లల్లో ఎలుకలు రాలడం మొదలైంది. మామూలుగా చేసేదే చేశాం. ఇండ్లు వదిలేసి ఊరు ఊరంతా పొలాల్లో గుడిసెలు వేసుకొన్నాం. బస్సులు ఆపించారు. ఎవరికి ఎక్కడ చోటు దొరికితే అక్కడ తడికెలు కట్టుకొన్నారు. నా గుడిసె వేసుకొని వెనక్కి తిరిగి చూస్తే, పక్క గుడిసె మీద గడ్డి కప్పుతున్నది ఎవరు? నాగభూషణం! పక్కకు జరుగుదామంటే జాగా లేదు.

గుడిసెలైతే వేశాం, నీళ్ళు లేవు. దూరాన ఉన్న మోటబావి నుంచి ఆడవాళ్ళు కడవలు మోసి మోసి మెడలు పట్టుకుపోయాయి. సరే, బావి తవ్వుదామనుకొన్నాను. కూలివాళ్ళు ప్లేగు గుడిసెల దగ్గరికి ఎందుకు వస్తారు? నేను, నా డ్రైవరు తిప్పన్న, క్లీనరు గడ్డపారలు పట్టుకొన్నాం. మరుసటి పొద్దున చూస్తే అవతలి పక్క నాగభూషణం, ఏసురత్నం, వాళ్ళ క్లీనరు ఇంకొక గుంత మొదలుపెట్టారు. నేను తవ్విన నీళ్ళు అతను తాగడు, అతను తవ్విన నీళ్ళు నేను తాగను. అదీ మా ఆత్మగౌరవం! ప్లేగులో కూడా రేసే! వాళ్ళు ఎన్ని తట్టల మట్టి ఎత్తారో తిప్పన్న తొంగి చూసి వచ్చేవాడు, మాది ఎంత లోతు పోయిందో ఏసురత్నం తొంగి చూసి పోయేవాడు. గుడిసెల్లో ముసలివాళ్ళకు వేడుక. కడవలు మోసే ఆడవాళ్ళు మాత్రం మా ఇద్దరినీ కలిపి తిట్టేవాళ్ళు.

నాకు బండ తగిలింది. అతనికీ బండ తగిలింది. ఇద్దరమూ ఎవరి గుంతలో వాళ్ళం ఆ బండను కొడుతున్నాం. అది పలకడం లేదు. అప్పుడు వచ్చాడయ్యా నాగభూషణం. నా గుంత అంచున గొంతు కూర్చొని లోపలికి చూసి అన్నాడు: "ఏమబ్బా, కింద బండ ఒకటే ఉండాది. పైన మనమే రెండుగా ఉండాం. నీ గుంత ఒక మూర లోతు ఎక్కువుండాది. దీంట్లోకే అందరం దిగుదాం."

అంత మాట అనడానికి ఎంత గుండె కావాలి! తను తవ్విన గుంత వదులుకొని పోటీవాడి గుంతలోకి దిగాలంటే నా వల్ల అయ్యేది కాదు. నా మట్టి బయట పోసుకోవడానికి చోటు లేదంటే, ఆ తట్టలు తీసుకుపోయి తన గుంతలోనే పోయించాడు. తన కష్టాన్ని తన చేత్తోనే పూడ్చుకొన్నాడు. పూడుస్తూ కూడా నన్ను ఎగతాళి చేశాడనుకోండి.

బండ పగలాలంటే నిప్పు పెట్టి బాగా కాల్చి, మీద నీళ్ళు పోయాలి. నీళ్ళ కోసం తవ్వే బావికి నీళ్ళు యాడ నుంచి తెచ్చేది? మేము తల గోక్కుంటుంటే అతను గుడిసె గుడిసెకూ పోయి నిలబడ్డాడు. "అవ్వా, నీ కడవలో ఒక చెంబు నాకియ్యి. రేపు నీకు బావే ఇస్తా" అన్నాడు. తాగడానికే లేని నీళ్ళు! అయినా ఇచ్చారు. కాలిన బండ మీద ఆ చెంబులన్నీ ఒక్కసారి కుమ్మరించాం. ఠాప్ మని పగిలింది చూడండి, ఆ చప్పుడు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. పగులులోంచి నీళ్ళు ఊరాయి. కొంచెం ఉప్పన. ఆ ఉప్పునీళ్ళే దోసిట పట్టి నేను అతనికి తాగించాను, అతను నాకు తాగించాడు. ఇద్దరికీ ముఖాలనిండా బురద. ఆ పొద్దు ఎవరు ముందు నవ్వారో నాకు గుర్తులేదు.

ఆ నవ్వు మూడు పొద్దులు కూడా నిలవలేదు. మా అమ్మ రామక్కకు జ్వరం వచ్చింది. చంకలో గడ్డ లేచింది. అందరికీ అర్థమైపోయింది. చుట్టుపక్కల గుడిసెలవాళ్ళు పిల్లలను తీసుకొని అవతలికి జరిగారు. వాళ్ళను నేను తప్పు పట్టను. ఎవరి ప్రాణం వాళ్ళకు తీపి. నాగభూషణం గుడిసె మాత్రం జరగలేదు.

మా అమ్మ ఒక మధ్యాహ్నం పోయింది. పాడె కట్టాను. పాడె మోయడానికి మనుషులు కావాలి కదా? నా దాయాదులు తడికెలు మూసుకొన్నారు. నేను నిప్పుకుండ పట్టుకొని ఎండలో నిలబడ్డాను. ఎంతసేపు నిలబడ్డానో. ఎవరూ రాకపోతే నేనొక్కడినే భుజాన వేసుకొని పోదామా అనుకొన్నాను. నిజంగా అనుకొన్నానయ్యా. అప్పుడు నాగభూషణం పంచె ఎగగట్టి వచ్చాడు. వెనకనే ఏసురత్నం. వాళ్ళను చూసి మా తిప్పన్న వచ్చాడు. ముగ్గురయ్యారు. నాలుగోవాడు లేడు. నేనే ఒక చేత్తో నిప్పుకుండ, ఒక భుజాన పాడె పట్టాను.

దూరంగా నిలబడినవాళ్ళలో ఎవరో గొణిగారు. ఏసురత్నం కిరస్తానీ కదా, వాడు భుజం ఇయ్యడం ఏంది అని. పాడె మోస్తూనే నాగభూషణం తల తిప్పి అన్నాడు: "ప్లేగుకు లేని కులం పాడెకు యాడ నుంచి వచ్చెనప్పా? నీకు అంత పట్టింపుంటే రా, నిప్పుకుండ పట్టినోడే మోస్తాండాడు, ఆ కొమ్ము నువ్వు పట్టు." ఎవరూ రాలేదు. గొణుగుడు ఆగిపోయింది. మా అమ్మ బురుజు లాంటి మనిషి. బరువుకు నా భుజం ఒరుసుకుపోయింది. అతని భుజమూ ఒరుసుకుపోయింది. ఆ రాత్రి మా ఇద్దరికీ ఆదిలక్ష్మమ్మే పసుపు నూరి పంపింది. నాగభూషణం భార్య ఆదిలక్ష్మమ్మ. తన మొగుడు ప్లేగు శవాన్ని మోసి వస్తే, ఎందుకు పోయినావని ఒక్క మాట అడగని ఇల్లాలు.

ప్లేగు తగ్గింది. ఊళ్ళోకి వచ్చాం. ఇండ్లకు సున్నం కొట్టుకొన్నాం. బస్సులు తీయమన్నారు. మొదటి పొద్దు ఏడు గంటలకు ఇద్దరి బండ్లూ పక్కపక్కన నిలబడ్డాయి. క్లీనర్లు అలవాటు కొద్దీ జనం మీద పడబోయారు. నాగభూషణం వాళ్ళను ఆపి నా దగ్గరికి వచ్చాడు. "అమ్మను మోసిన భుజాలు, జనం మూటలకు కొట్లాడుకుంటే బాగుండదు. నువ్వు ఏడు తీసుకొంటావా, ఎనిమిది తీసుకొంటావా?" అని అడిగాడు. ముందు టైము కావాలా అని నన్ను అడిగాడు! ఎనిమిది అన్నాను. సాయంత్రం ధర్మవరం నుంచి తిరిగొచ్చేటప్పుడు నా బండి ముందు, అతనిది వెనక. అంతే. దానికి సంతకం లేదు, సాక్షి లేడు. ఆ పొద్దు నుంచి ఈ రోడ్డులో రేసు లేదు.

పెద్దమనుషుల కాఫీతో కుదరని పొత్తు అది. బస్సులు ఆగిపోయిన రోజుల్లో కుదిరింది. బస్టాండులో నాకు అతని టికెట్లు కనిపించేవి, అతనికి నా టికెట్లు కనిపించేవి. ఆ గుంతలో, ఆ పాడె కింద, మనిషి కనిపించాడు. కనిపించినాక మళ్ళీ జనాన్ని ఎట్లా లాక్కొంటాం?

యుద్ధం వచ్చింది. పెట్రోలు పోయి బొగ్గు వచ్చింది. బొగ్గు బండి ఎక్కుడు ఎక్కదు, అది మీకు తెలుసు, తోసి తోసి మీ చేతులకే తెలుసు. ఒకసారి సాయంత్రం తిరిగొచ్చేటప్పుడు పెనుకొండ ఎక్కుడులో నా బండి ఆగిపోయింది. వెనక నుంచి అతని బండి వచ్చింది. ఆ రోజు అతని బండిలో బత్తలపల్లి పెండ్లివాళ్ళు ఉన్నారు. ఇంకొకరైతే హారను కొట్టి పక్కనుంచి పోయేవాళ్ళు. ఇతను బండి ఆపి అందరినీ దించాడు. "రాండప్పా, మన బండే, ఒక చెయ్యి వెయ్యండి" అన్నాడు. మన బండి! నా బండిని! పట్టుచీరలు కట్టుకొన్న ముత్తైదువలు నవ్వుతూ తోశారు. బాసికం కట్టుకొన్న పెండ్లికొడుకు కూడా తోశాడు. తోసినాక చూసుకొంటే ముఖమంతా మసి. పెండ్లికూతురు వాళ్ళు వేరే ఎవరినో తీసుకొచ్చారు అనుకొన్నారంట. ఆ పెండ్లికొడుకు ఇక్కడే కూర్చొని ఉన్నాడు, చూడండి, తల దించుకొని ఏడుస్తున్నాడు. ఏడువప్పా. మాకందరికీ ఏడుపే వస్తోంది.

ఇంతదాకా మీకు తెలిసిందే చెప్పాను. ఇక తెలిసీ ఎవరూ మాట్లాడనిది చెబుతాను.

గురువారం నాగభూషణం పోయాడు. శుక్రవారం అతని బండి తీయలేదు. శనివారం పొద్దున నేను బస్టాండుకు పోయాను. ఏడు గంటలకు అతని జాగాలో ఒక బండి నిలబడి ఉంది. ఇంజను తిరుగుతోంది. ఒక్క క్షణం, పిచ్చివాడిని, నాగభూషణమే వచ్చాడనుకొన్నాను. దగ్గరికి పోయి చూస్తే వేరేవాళ్ళ బండి. "ధర్మవరం, ధర్మవరం" అని కేకలు వేస్తున్నారు. మూడో పొద్దు! చితి మీద పాలు పోసి ఎముకలు ఏరే పొద్దు! ఆదివారం కూడా ఆ బండి వచ్చింది. ఈ పొద్దు కూడా వచ్చింది. ఎవరిదో పేరు చెప్పను, చెబితే ఇది సంతాప సభ కాకుండా పంచాయితీ అవుతుంది. వాళ్ళు ఇక్కడే ఉన్నారు. పూలదండ కూడా తెచ్చారు. ఆ బండి ఎక్కినవాళ్ళు కూడా ఇక్కడే ఉన్నారు. మీరెట్లా ఎక్కినారయ్యా? మీకు కాళ్ళెట్లా వచ్చినాయి?

ఏమంటున్నారో నాకు తెలుసు. మగదిక్కు లేదు, ఇద్దరూ ఆడపిల్లలు, ఆడమనిషి బస్సు ఏం నడుపుతుంది అంటున్నారు. అయ్యా, నాగభూషణం నడిపినాడా? అతనికి బ్రేకు ఏదో క్లచ్చు ఏదో తెలియదు. నడిపింది ఏసురత్నం. ఏసురత్నం ఉన్నాడు. బండి ఉంది. పోయింది మాట నిలబెట్టే మనిషి ఒక్కడే. అతను పోయిన మూడో పొద్దుకే ఆ మాట కూడా పోవాలా?

నిన్న ఆదిలక్ష్మమ్మ ఏసురత్నంతో నాకు చెప్పి పంపింది. "అన్నా, పదకొండో నాడు అయినంక బండి తీస్తా. ఏడు గంటలు ఉంటాదా, పోయిందా? పోయింటే ఇప్పుడే చెప్పు, బండి అమ్మేస్తా." అంతే అడిగింది. ఏడ్చి అడగలేదు. అది విని నేను ఏసురత్నం ముఖం చూడలేకపోయాను. ఉంటుంది అని నేనొక్కడిని చెబితే ఏం లాభం? నాది ఒక బండి. ఆ టైము మీ అందరిదీ. వేరే బండ్లవాళ్ళు ఆ టైములో బండి పెట్టకపోతే ఉంటుంది. పెట్టినా జనం ఎక్కకపోతే ఉంటుంది.

నా సంగతి చెబుతాను. పదకొండో రోజు దాకా ఏడు గంటలకు ఆ జాగా ఖాళీగా ఉండాలి. నా బండి ఎనిమిదికే పోతుంది, అరనిమిషం ముందు కూడా కదలదు. తొందర పనులున్నవాళ్ళు తిట్టుకోండి, పడతాను. పన్నెండో రోజు ఏడు గంటలకు ఏసురత్నం బండి తెచ్చి అక్కడ పెడతాడు. మొదటి టికెట్టు నాది. నా బండి ఉండగా ఆ బండిలో నేను ఎక్కి కూర్చొని ధర్మవరం పోతాను.

ఈ మండీ వెనక గోడ ఉంది చూడండి, ఆ గోడకు అవతలే నాగభూషణం ఇల్లు. ఆదిలక్ష్మమ్మ గడప దాటకూడని రోజులు కాబట్టి ఇక్కడికి రాలేదు. ఇంతసేపూ నేను అరిచిందంతా ఆ ఇంట్లో వినపడుతూనే ఉంది. ఆమె అడిగినదానికి ఇంకా జవాబు పోలేదు.

అయ్యలారా, అమ్మలారా, సంతాప సభలో చివరికి లేచి నిలబడతాం. అందరూ లేస్తారు కాబట్టి మనమూ లేస్తాం. ఈ రోజు అట్లా వద్దు. ఏడు గంటలు ఆమెదే అని ఒప్పుకొన్నవాళ్ళు మాత్రమే లేవండి. ఒప్పుకోనివాళ్ళు కూర్చోండి, మిమ్మల్ని ఎవరూ ఏమీ అనరు. నోటితో ఎవరూ ఏమీ చెప్పొద్దు. లేచేటప్పుడు బెంచీలు మెల్లగా జరపకండి. మనం లేచిన చప్పుడు ఆ గోడ అవతలికి వినపడాలి. ఆ తరువాత నాగభూషణం కోసం మౌనంగా నిలబడదాం.

లేవండప్పా.